ఎర్ర ఇసుకలో ఉలూరు

ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఎర్రటి ఇసుక మైదానంలో ఒంటరిగా నిలిచిన మహాశిల ఉలూరు. ఎత్తు 348 మీటర్లు, చుట్టుకొలత 9 కిలోమీటర్లకు పైమాటే. పైకి కనిపించేది కొంతే. శిలలో ఎక్కువ భాగం భూమిలోపలే ఉంది.

కారులో వెళ్లేవారు సాధారణంగా ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణం నుంచి బయలుదేరతారు. స్టూవర్ట్ హైవే మీద దక్షిణంగా దాదాపు 200 కిలోమీటర్లు సాగి, ఎర్ల్‌డండా దగ్గర పడమటికి మళ్లాలి. అక్కడి నుంచి మరో 250 కిలోమీటర్ల ప్రయాణం. దారిలో ఎడమ పక్కన మౌంట్ కానర్ అనే బల్లపరుపు కొండ కనిపిస్తుంది. దాన్నే ఉలూరు అనుకొని ఫొటోలు తీసుకునేవారు ఎందరో! పెట్రోలు బంకులు దూరదూరంగా ఉంటాయి. చీకటి పడితే కంగారూలు, ఒంటెలు రోడ్డుకు అడ్డం వస్తాయి కాబట్టి పగటి ప్రయాణమే మేలు.

ఉలూరు ఇసుకరాయి అసలు రంగు బూడిద. రాతిలోని ఇనుము గాలికి, తేమకు తుప్పుపట్టడం వల్ల పైపొర ఎర్రబారింది. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో అది నిప్పుకణికలా వెలుగుతుంది.

అనంగు ఆదివాసులకు ఇది పవిత్ర స్థలం. 1873లో గాస్ అనే సర్వేయర్ దీనికి ‘అయర్స్ రాక్’ అని పేరు పెట్టాడు. 1985లో ప్రభుత్వం ఈ భూమిని అనంగులకు తిరిగి అప్పగించింది. శిల ఎక్కవద్దని వారు ఎంతోకాలం కోరుతూ వచ్చినా, నిషేధం అమలులోకి వచ్చింది 2019 అక్టోబరులోనే. శిల చుట్టూ నడవడానికి మాత్రం సుమారు 10 కిలోమీటర్ల బాట ఉంది. ఎండాకాలంలో వెళ్లేవారు తెల్లవారుజామునే నడక మొదలుపెట్టాలి, నీళ్లు పుష్కలంగా వెంట ఉంచుకోవాలి.