కంటి సిర మూసికొనినపుడు: సూదిమందు తరువాతి పటములు

(ఎన్నూరులో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



నేను వైద్యుడను కాను, వ్యాపారిని. అయినను మన పెద్దలను బాధించు ఒక కంటి జబ్బును గూర్చి విని, చదివి తెలిసికొనినంత విన్నవింతును.

రక్తపుపోటు గలవారికి ఒకనాటి ఉదయమున నొప్పి లేకయే ఒక కన్ను మసకబారవచ్చును. శుక్లమేమోయని మనవారు ఊరకుందురు. కంటి వెనుకనుండు రెటీనా యను పలుచని పొరలో ధమని, సిర ఒకదానినొకటి దాటుచోట రెండింటికిని ఒకే తొడుగు ఉండును. గట్టిపడిన ధమని సిరను అదుమగా నెత్తురు గడ్డకట్టి దారి మూసికొనును. మన ఏటిమొగ యొద్ద ఇసుక మేటవేసినపుడు నీరు వెనుకకు నిలిచి ఒడ్డు దాటుట చూచినవారమే గదా. ఇచటను అంతే, నెత్తురు, నీరు ఊరి రెటీనా వాచును.

నేడు దీనికి మందు గలదు. నాళములను ఊరజేయు ప్రోటీను నణచు రానిబిజుమాబ్, బెవాసిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ వంటి మందులను కంటిలోనికే సూదితో ఎక్కింతురు, మొదట నెలకొకసారి. వాపు తగ్గి చాలమందికి చూపు మెరుగగును. చిక్కు వచ్చునది ఇచటనే. రెండు సూదులతో పంచాంగము చదువగలిగిన పెద్దలు, నయమైనదని ఆసుపత్రికి పోవుట మానుచున్నారు. మందు నీటిని తోడినదే కాని మేటను తీయలేదు.

ఈ సంగతి చెప్పునవి పటములే. 1961లో అమెరికాలో నోవట్నీ, ఆల్విస్ అను ఇద్దరు వైద్య విద్యార్థులు, చేతి సిరలోనికి ఫ్లోరసీన్ అను రంగు నెక్కించి, అది కంటి నాళములలో ప్రవహించుచుండగా ఛాయాచిత్రములు తీయు విధానమును ప్రకటించిరి. మొదట సూది వేయించుకొనినవాడు ఆల్విసే! ఆ రంగుతో చర్మము, మూత్రము కొంతసేపు పచ్చబడును, భయపడవలదు. ఇప్పటి ఓసీటీ యాంజియోగ్రఫీకి రంగే అక్కరలేదు. ఒకే తావును కాంతితో వెంటవెంట పలుమారులు చూచి, కదలుచున్న నెత్తురుకణములను బట్టి యంత్రమే నాళముల పటము గీయును. కాని నాళము ఎచట ఊరుచున్నదో అది చూపజాలదు; అందుకు పాత రంగే కావలెను.

సూదిమందు తరువాతి పటములలో వాపు పోయినను, నెత్తురందని తావులు సాధారణముగా నల్లగానే మిగిలియుండును. అవి విస్తారమైనచో కనుపాప చుట్టునున్న రంగుపొరపై దుర్బలమగు క్రొత్త నాళములు మొలచి, కంటిలో ఒత్తిడి పెరిగి, తీవ్రమగు నొప్పితో చూపే పోవచ్చును. మూలసిర మూసికొనిన మూడు నెలల ప్రాంతమున తలయెత్తుటచే దీనిని నూరు దినముల గ్లాకోమా అనుట వాడుక. సూదిమందు దీనిని వాయిదా వేయవచ్చును గాని అందరికిని తప్పింపజాలదు.

కావున పటములను తేదీలతో ఒక కట్టలో దాచుకొనుడు. తొలి నిల్వ తెలియక తుది నిల్వతో ఏ దుకాణపు లెక్కయు తేలదు, వైద్యునకును అంతే. 1819లో స్థాపితమైన ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి మనకు రైలుదూరములోనే యున్నది. తెలుగు మాత్రమే చదువ నేర్చిన తల్లులు అచటి కాగితములకు జంకి ఆగిపోవుచున్నారు. అట్టివారు సంఘములో పేరిచ్చినచో, చదువుకొనిన మన పిల్లలలో ఒకరిని తోడు పంపుదుము.