చదివింపుల పుస్తకం

(పవిత్ర కుటుంబ పండుగనాడు విచారణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1928లో ఏర్పడిన మన నెల్లూరు మేత్రాసనానికి నూరేళ్ళు నిండవస్తున్న ఈ సమయంలో, మన వాళ్ళను మనం ప్రేమించటం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు మమ్మల్ని కోరారు. మేము పండితులము కాము. మన తీరంలో జరిగినదీ, మా ఇంట్లో జరిగినదీ చెప్పగలము.

2004 డిసెంబరు 26 మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆనాడు కూడా ఆదివారమే, పవిత్ర కుటుంబ పండుగే. ప్రొద్దున సముద్రం పొంగి ఊళ్ళమీదికి వచ్చింది. ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పట్టపుపాలేల జనం పిల్లల్ని చంకనెత్తుకొని, ముసలివాళ్ళను నడిపించుకొంటూ పడమటి దిక్కుకు పరుగెత్తారు. ఆ పరుగులో "వీడు మనకేం పెట్టాడు?" అని ఆలోచించి చెయ్యి అందించినవాడు ఎవడున్నాడు?

అయితే నీళ్ళు వెనక్కు పోతాయి. కూలిన ఇళ్ళు మళ్ళీ లేస్తాయి. వాటితోపాటు మన లెక్కలూ లేస్తాయి.

మన ఇళ్ళలో ప్రతి పెండ్లికీ ఒక చదివింపుల పుస్తకం ఉంటుంది. ఎవరెంత చదివించారో వ్రాసి పెట్టుకొని, వారింట శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూస్తాం. ఒక ఇంటి బరువును పదిమందీ పంచుకోవాలని పెద్దలు పెట్టిన మంచి ఏర్పాటు అది. కాని ఆ పుస్తకం పెట్టెలోంచి మనసులోకి వచ్చి కూర్చుంటే ఏమవుతుందో మేము అనుభవించాము.

1989 నవంబరులో కావలి దగ్గర పెద్ద తుపాను తీరం దాటింది. ఆ గాలికి మా ఇంటి కప్పు లేచిపోయింది. మరునాడే మా బావగారు బండి కట్టుకొని వచ్చి, మమ్మల్నీ పిల్లల్నీ తమ ఇంటికి తీసుకొనిపోయారు. నెల్లాళ్ళకు పైగా అక్కయ్య మాకు అన్నం పెట్టింది. మా ఇల్లు మళ్ళీ కప్పించే పనికి కూడా బావగారే దగ్గర నిలబడ్డారు.

ఆరేడేళ్ళ తరువాత మా అమ్మాయి పెండ్లి జరిగింది. బావగారు నూటపదహార్లు చదివించారు. పదిమందిలో ఆ అంకె వినబడగానే మా ముఖం చిన్నబోయింది. సొంత మేనమామ కూతురికి ఇంతేనా అనుకొన్నాము. ఏమీ అడగలేదు. మరుసటి ఏడు వారి అబ్బాయి పెండ్లికి వెళ్ళి, పుస్తకం చూసుకొని సరిగ్గా నూటపదహార్లే చదివించి, పంక్తిలో కూర్చోకుండా తిరిగి వచ్చాము. అటుపైన రాకపోకలు నిలిచిపోయాయి. అక్కయ్య రెండుసార్లు కబురు పంపింది. వాళ్ళే ముందు రావాలని మేము బిగదీసుకొని కూర్చున్నాము.

బావగారు పోయారని తెలిసి వెళ్ళినప్పుడు అక్కయ్య అసలు సంగతి చెప్పింది. మన జిల్లాలో రొయ్యల గుంటలకు 1994, 95లలో తెల్లమచ్చల తెగులు వచ్చి ఎన్ని కుటుంబాలు దెబ్బతిన్నాయో మీకు తెలుసు. బావగారి గుంటలూ అందులోనే పోయాయట. చెప్పుకోవటానికి ఆయనకు అభిమానం అడ్డం వచ్చింది. "ఆ నూటపదహార్లూ ఆ పొద్దు చేబదులు తెచ్చినవేరా" అన్నది అక్కయ్య. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మాకు అన్నం పెట్టమని లోపలికి చెప్పింది.

ఆయన నెల్లాళ్ళు మమ్మల్ని పోషించిన సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన వ్రాసుకోలేదు, మేమూ వ్రాసుకోలేదు. నూటపదహార్లు మాత్రం వ్రాసుకొన్నాము. పాపసంకీర్తనంలో ఈ తప్పు చెప్పుకొన్నాము, దేవుని క్షమాపణ పొందాము. కాని బావగారి చేతులు పట్టుకొని చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. దానికి ఇప్పుడు ఎక్కడికి పోవాలి?

లెక్క లేకుండా ఎట్లా ప్రేమించాలో మన తీరం ఏనాడో చూసింది. 1876 నుండి 78 వరకు దక్షిణ దేశమంతటా భయంకరమైన కరువు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. అక్కడి బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు మన శాఖకు చెందినవారు కారు. అయినా ఆయన చేసిన పని మనమూ నేర్చుకోదగినది. అప్పుడు త్రవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుగా తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి కల్పించారు. కూడు కోసం మతంలో చేరుతున్నారనే మాట రాకూడదని, ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా నిలిపివేశారు. పెట్టిన కూటికీ, రాబోయే ఫలానికీ నడుమ ఉన్న దారాన్ని తన చేతులతోనే త్రెంచుకొన్నారన్నమాట. సహాయం ముగిసిన తరువాత జనం తమంతట తామే వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ముక్కూ ముఖమూ తెలియనివారి విషయంలో అది సాధ్యమైనప్పుడు, ఒక్క కడుపున పుట్టినవారి విషయంలో మనకు ఎందుకు సాధ్యం కాదు? దూరపువారికి బియ్యం మూటలు పంపటం మనకు తెలుసు. ప్రక్క వీధిలో ఉన్న తమ్ముడి గడప తొక్కటానికే కాళ్ళు రావు. కువైట్‌లో ఉన్న కొడుకు ఎంత పంపాడో తల్లికి తెలుసు. అక్కడ ఎట్లా ఉన్నాడో అడిగేవారేరీ? ఇంట్లో పొద్దుటినుంచీ చాకిరీ చేసే కోడలిని "నీవు తిన్నావా అమ్మా?" అని అడిగే మామగారు ఎందరు?

కానుకను పీఠం దగ్గరే వదిలిపెట్టి, ముందు సోదరునితో సమాధానపడి రమ్మని ప్రభువు మత్తయి సువిశేషం 5వ అధ్యాయంలో ఆజ్ఞాపించారు. ఎవరిది తప్పో తేల్చుకొని రమ్మని ఆయన అనలేదు. మనవాడు తక్కువ చేశాడనిపించినప్పుడు, కోపగించుకొనే ముందు, "ఈ ఏడు నీకెట్లా గడిచింది?" అని ఒక్కమాట అడుగుదాం. ఆ ఒక్క ప్రశ్న మేము అడిగి ఉంటే బావగారితో అన్నేళ్ళు పోగొట్టుకొనేవాళ్ళము కాము.

శతాబ్ది కానుకగా ఎంత ఇవ్వాలని చాలామంది అడుగుతున్నారు. ఇవ్వగలిగినంత ఇవ్వండి. దానితోపాటు, ఇంటికొక లెక్క కొట్టివేయండి. ఎవరితో మాటలు నిలిచిపోయాయో వారింటికి ఈ సాయంత్రమే వెళ్ళండి. పెట్టింది తిని రండి. మేము అక్కయ్య దగ్గరకు బయలుదేరుతున్నాము.

ప్రభువు మన కుటుంబాలను దీవించునుగాక.