నెగటివులలో వెలుగునీడల భేదము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన పెద్దల నలుపుతెలుపు ఛాయాచిత్రముల నెగటివులు పలువురి పెట్టెలలో నేటికిని పడియున్నవి. వానిలో కొన్ని మిక్కిలి పలుచనివి. ముద్రించినచో బొమ్మయంతయు బూడిద పూసినట్లుండును. అట్టివానికి స్ఫుటత్వము తెచ్చుటను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

ఆలంకారికులు కలయికను రెండు విధములుగా చెప్పుదురు. నువ్వులు, బియ్యము కలిసినను వేనికవి కనబడును. ఇది తిలతండుల న్యాయము. పాలు, నీరు కలిసినచో వేరుపడి కనబడవు. ఇది క్షీరనీర న్యాయము. మంచి నెగటివున వెలుగునీడలు మొదటి విధముగను, చప్పని నెగటివున రెండవ విధముగను ఉండును.

నెగటివుపై కనబడు నలుపు వెండియే. వెలుగు సోకిన వెండి లవణపు కణములను డెవలపరు అను ద్రావణము లోహముగా మార్చును. ఫిలిమును అందులో ఎక్కువసేపు ఉంచినచో, వెలుగు తగిలినచోట వెండి బాగుగా హెచ్చును. నీడపట్టున స్వల్పముగనే హెచ్చును. అందుచే భేదము పెరుగును. వెలుగునకును ఈ నలుపునకును గల సంబంధమును ఇంగ్లండున హర్టరు, డ్రిఫీల్డు అనువారు కొలిచి 1890లో ప్రకటించిరి.

ఇదివరకే తయారైన నెగటివునకు వేరొక మార్గము కలదు. పొటాషియం బైక్రోమేటు, హైడ్రోక్లోరికామ్లము కలిపిన నీటిలో బొమ్మను వెలిసిపోజేసి, పసుపువన్నె పోవువరకు కడిగి, మరల డెవలపరులో నల్లబరతురు. వెండికి క్రోమియము తోడై నలుపు హెచ్చును. లెక్కలు వ్రాయువాడను గనుక నా పరిభాషలో చెప్పెదను: ఇది అసలునకు వడ్డీ కట్టుట వంటిది. అసలు హెచ్చుగా ఉన్నచోట వడ్డీ హెచ్చు, తక్కువచోట తక్కువ. అసలే జమకానిచోట వడ్డీ సున్న. ఫోటో తీసిననాడు నీడలో నమోదుకాని ముఖరేఖను ఏ ద్రావణమును పుట్టింపజాలదు.

పైగా బైక్రోమేటు విషము. పాత ఫిలిముపై పూత నీట నాని ఊడిపోవచ్చును. కావున నెగటివును ముట్టకమునుపే కాగితమును మార్చి చూడవలెను. ముద్రణ కాగితములకు 0 మొదలు 5 వరకు అంకెలు కలవు. అంకె పెరిగినకొలది వెలుగునీడల భేదము హెచ్చును. నేడు స్కాను చేయించి కంప్యూటరులోనైనను సరిచేయవచ్చును. కాగితము చెడినచో మరియొకటి దొరకును. నెగటివు చెడినచో మరియొకటి లేదు.

కావున మీ యిండ్లలోని నెగటివులను కాగితపు కవరులలో నుంచి, బొమ్మలోనివారి పేర్లును, సంవత్సరమును వాటిపై వ్రాసి ఉంచుడు. గుర్తుపట్టగల వృద్ధులు మన మధ్య నున్నప్పుడే ఈ పని జరుగవలెను. వెలిసిన నలుపును హెచ్చింపవచ్చును గాని, మరచిన పేరును ఏ ద్రావణమును తిరిగి తేజాలదు.