సొంత లెక్కకు ఏ భాష?

కంప్యూటరుకు పని చెప్పే భాషలు నేడు వందల సంఖ్యలో ఉన్నవి. వాటిలో ఏది ఉత్తమమని అడగడం పరిపాటి. ఎవరి కొరకు, ఎన్నాళ్ల కొరకు అన్నది తేలనిదే ఆ ప్రశ్నకు సమాధానం లేదు. ఒక సంస్థ తన పనికై వ్రాయించుకొనే ప్రోగ్రాము వేరు. పదిమందికి అమ్మడానికి సిద్ధపరచే ప్రోగ్రాము వేరు.

ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు ఉన్నదనుకొందాం. రైతు తెచ్చిన పత్తిని తూచాలి, తేమ చూడాలి, తరుగు తీయాలి, హమాలీ ఖర్చు వ్రాయాలి, చీటీ చేతికివ్వాలి. ఖాతాలకు టాలీ వంటి తయారు ప్రోగ్రాములు బజారులో ఉన్నవి. కాని ఈ తూకం, ఈ తరుగు ఆ మిల్లు ఆనవాయితీని బట్టి నడిచేవి. అందుచేత యజమాని సొంత ప్రోగ్రాము వ్రాయించుకొంటాడు.

అక్కడ యంత్రాలు నాలుగైదు, వాడేవారు ఎరిగినవారు. లెక్క ఒక క్షణం ఆలస్యంగా తేలితే నష్టం లేదు. మార్పు ఆలస్యమైతే నష్టం. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినప్పుడు బిల్లుల రూపమే మారిపోయింది. కాబట్టి సులువుగా చదివి, త్వరగా దిద్దుకోగల భాష సొంత పనికి మేలు. 1991లో వెలువడిన పైథాన్ అటువంటిది.

అమ్మేవాని సంగతి వేరు. కొనేవాడెవరో, అతని యంత్రం పాతదో కొత్తదో తెలియదు. ప్రతి దుకాణానికీ పోయి దిద్దలేడు. తన వ్యాపార రహస్యం బయటపడకూడదు. అందువల్ల యంత్రభాషలోకి మారిపోయే సి ప్లస్ ప్లస్‌నో, పలురకాల యంత్రాలపై నడవాలన్న ఉద్దేశంతో 1995లో వచ్చిన జావానో ఎంచుకొంటాడు. శ్రమ అధికమైనా ఆ వ్యయం వేలమంది కొనుగోలుదారుల మధ్య పంపకమవుతుంది.

సుంకేసుల నుంచి కడప వైపు సాగే కె.సి. కాలువను అనేక గ్రామాల అవసరం చూసి తవ్వినారు. సొంత చేనిలో బావి తవ్వే రైతు తన నేలను, తన కపిలను చూసుకొంటాడు. అయితే ఆ బావికి పూడిక తీసేవారు ఊళ్లో ఉండాలి. సొంత ప్రోగ్రాములకు వచ్చే చిక్కు సరిగా ఇదే. వ్రాసిన యువకుడు బెంగుళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు, వెనుక చదవగలిగినవాడుండడు. 1998 నాటి విజువల్ బేసిక్ ఆరవ కూర్పు పనిముట్టుకు మైక్రోసాఫ్టు 2008లో మద్దతు నిలిపివేసింది. దానిలో వ్రాసిన ప్రోగ్రాములు తర్వాత కూడా నడిచినవి, దిద్దేవారే తగ్గినారు. వర్తకపు లెక్కల కొరకు 1959లో రూపకల్పన మొదలైన కోబాల్ మాత్రం ప్రపంచంలోని పెద్ద బ్యాంకులు పలుచోట్ల నేటికీ వాడుతున్నవి.

పైసల లెక్క మరొక పరీక్ష. యంత్రం రెండు అంకెలతోనే లెక్కిస్తుంది. దశాంశాలలో పదోవంతు దానికి సరిగ్గా ఇమడదు. అందువల్ల అనేక భాషలలో మామూలు పద్ధతిన 0.1కి 0.2 కలిపితే 0.3 కంటె అణుమాత్రం ఎక్కువ వస్తుంది. కోబాల్‌లో దశాంశ గణితం మొదటినుంచీ ఉన్నది. పైథాన్, జావాలలో దానికి ప్రత్యేక సాధనాలున్నవి. లేదా మొత్తం లెక్కను పైసలలోనే ఉంచవచ్చు. ఇది తెలియక వ్రాస్తే ఒకనాటికి రైతు చీటీకీ మిల్లు పద్దుకూ పొత్తు కుదరదు. ఆ తేడాను నిలదీసి అడిగే ధైర్యం అందరు రైతులకూ ఉండదు.

2008లో నెలకొన్న విశ్వవిద్యాలయానికి ఇడుపులపాయలో విద్యాలయమున్నది; కర్నూలులో 2015లో ట్రిపుల్ ఐటి ఏర్పడినది. మన సీమలో ఈ విద్య చదివినవారికి కొరత లేదు. కనుక యజమాని అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ భాష తెలిసినవారు నాకు అందుబాటులో ఇద్దరైనా ఉన్నారా? ఉన్నారని తేలిన తర్వాతనే వ్రాయించుకోవాలి. వ్రాయించుకొన్న మూలపాఠాన్ని, దాని వివరణను ఇనుప పెట్టెలో దస్తావేజులతోపాటు భద్రపరచుకోవాలి.