కలుజు లేని చెరువు



చెరువు కట్టించిన మన పెద్దలు నీరు నిలుచుటకు కట్ట వేసి, యంతటితో నూరకుండలేదు. తుపాను నీరు మితిమీరి వచ్చినచో గతియేమని తలపోసి కలుజు కట్టించిరి. కంప్యూటరునకు పనులను వరుసగా తెలుపు ఆజ్ఞల సముదాయమునకు సాఫ్ట్‌వేరని పేరు. దానిని రూపొందించువారికిని ఆ కలుజే యొజ్జబంతి.

ఆ పనికొక క్రమము కలదు. ఏమి కావలయునో, ఎవరికి కావలయునో మొదట అడిగి తెలిసికొనవలెను. పిదప పనిని భాగములుగా విడదీసి, యే భాగము దేనికేమి తెలుపవలయునో నిర్ణయింపవలెను. అటుపిమ్మటనే వ్రాత. వ్రాసినదానిని పరీక్షించి, దోషములు దిద్ది, మరల పరీక్షింపవలెను. ఈ క్రమమున నెచ్చటను విడువరాని ప్రశ్న యొకటి కలదు: అనుకొన్నట్లు జరుగనిచో నేమి చేయవలెను?

దీనికి దృష్టాంతము మన తీరముననే కలదు. పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోటనుండి 2019 జూలై 22వ తేదీన చంద్రయాన్-2 బయలుదేరెను. చంద్రునివద్దకు మన యాజ్ఞ పోయి, బదులు వచ్చుటకు రెండున్నర సెకండ్లు పట్టును. కావున దిగునపుడు నౌకను ఇచ్చటినుండి నడుపుట యసాధ్యము; ముందు వ్రాసిపెట్టిన యాజ్ఞలే దానికి దిక్కు. సెప్టెంబరు 7వ తేదీన దిగుచుండగా ఇంజనుల త్రోపు అనుకొన్నదానికన్న హెచ్చయ్యెను. చిన్న తేడాలు ప్రోగుపడెను. నౌక త్వరగా తిరిగి సర్దుకొనవలసి వచ్చెను; కాని యా వేగమునకు సాఫ్ట్‌వేరు ముందే హద్దు పెట్టియుండెను. దిగవలసిన చోటు ఐదువందల మీటర్ల చదరము మాత్రమే. దానిని చేరబోయి నౌక కూలిపోయెను.

మరుసటి పర్యాయము శాస్త్రజ్ఞులు తమ ప్రశ్ననే మార్చిరి. ఎట్లు గెలుతుమని కాక, యేవేవి చెడవచ్చును, చెడినను ఎట్లు దిగవలయునని యోచించితిమని నాటి ఇస్రో యధ్యక్షులు సోమనాథ్ గారు చెప్పిరి. దిగు చోటును నాలుగు కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పు గల ప్రదేశముగా పెంచిరి. ఇంధనము హెచ్చించిరి. పరికరములను హెలికాప్టరుపై నుంచి పరీక్షించిరి. 2023 జూలై 14వ తేదీన శ్రీహరికోటనుండియే వెడలిన చంద్రయాన్-3 ఆగస్టు 23వ తేదీన చంద్రునిపై క్షేమముగా దిగెను.

చంద్రునిమాట యటుండనిండు. చౌకధరల దుకాణమునకును సాఫ్ట్‌వేరు వచ్చినది. జీవితమంతయు నాగలి పట్టియో, వల లాగియో వ్రేలిరేకలు అరిగిన ముదుసలిని యంత్రము గుర్తింపకపోవుట కలదు. అతడు రిక్తహస్తములతో మరలవలెనా, వేరొక త్రోవ కలదా? ఆ సమాధానము దుకాణమున పుట్టునది కాదు. ఆజ్ఞలు వ్రాయుటకు మునుపే యేర్పడియుండవలెను.

కావున గ్రామమునకు క్రొత్త యంత్రము వచ్చినపుడు, మాకు చదువు రాదని పెద్దలు వెనుదీయక, "అయ్యా, దీనికి కలుజెక్కడ?" అని యడుగవలెనని నా మనవి.