పూతను మాడ్చేది మంచేనా?



ధనుర్మాసంలో తెల్లవారుజామున మురమళ్ళ రేవులో నిలబడితే గోదావరి అవతలి గట్టు కనిపించదు. కొబ్బరి మట్టల మీంచి మంచునీళ్ళు బొట్లు బొట్లుగా రాలుతుంటాయి. పెరటి మామిడి పూతకొచ్చేదీ ఆ రోజుల్లోనే. తర్వాత ఆ పూత మాడి రాలితే, "మంచు కొట్టేసిందండీ" అంటాం. అందులో నిజం సగమే. మిగతా సగం కంటికి ఆనని జీవులది.

మన కోనసీమ చలికి నీరు గడ్డకట్టదు. లంబసింగి వంటి మన్యం కొండల మీద మాత్రం బాగా చలి ముదిరిన రాత్రుల్లో గడ్డి మీద మంచు పేరుకుంటుంది. అయితే ఆకు మీది నీరు సున్నా డిగ్రీలు రాగానే గడ్డకట్టి తీరాలని లేదు. స్వచ్ఛమైన చిన్న నీటి బొట్టు సున్నాకు 30 డిగ్రీలు దిగువన కూడా నీరుగానే ఉండగలదు. ఆకుల మీద బతికే సూడోమొనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా ఒంటిపైన ఒక ప్రొటీన్ ఉంటుంది. అది నీటి అణువులను స్ఫటికంగా పేర్చి, సున్నాకు రెండు మూడు డిగ్రీల దిగువనే గడ్డకట్టిస్తుంది. దాంతో లేత ఆకు చిట్లుతుంది, బ్యాక్టీరియాకు లోపలికి దారి దొరుకుతుంది. ఆ ప్రొటీన్ తయారు కాకుండా జన్యువు తీసేసిన బ్యాక్టీరియాను 1987లో కాలిఫోర్నియాలో స్ట్రాబెర్రీ, బంగాళదుంప మొక్కల మీద చల్లి పరీక్షించారు కూడా.

మన మామిడి మీద మంచు గడ్డకట్టకపోయినా, చల్లని రాత్రులూ తేమ గాలీ బూడిద తెగులు తెచ్చే శిలీంధ్రానికి బాగా కలిసొస్తాయి. పూగుత్తుల మీద తెల్లని పొడి కమ్ముతుంది. దాని బీజాలు గాలికి పక్క కొమ్మలకు పాకుతాయి. పువ్వూ పిందే రాలిపోతాయి.

నల్లని మసి కనిపిస్తే కారణం వేరు. తేనెమంచు పురుగులు పూత రసం పీల్చి తియ్యని జిగురు వదులుతాయి. ఆ తీపి మీద మసి బూజు పెరుగుతుంది. అది ఆకులోకి చొరబడదు గానీ ఆకుకు ఎండ తగలనివ్వదు.

అందుకే మందు కొనే ముందు పూతను దగ్గరగా చూడాలి. తెల్లపొడికి నీటిలో కలిసే గంధకం లీటరుకు మూడు గ్రాములు పనిచేస్తుంది. మసి పోవాలంటే ముందు పురుగును అరికట్టాలి. ఏ మందైనా పూత విచ్చుకోకముందే కొట్టాలి. విచ్చుకున్నాక పురుగుమందు కొడితే, పిందె కట్టించే ఈగలూ తేనెటీగలూ చచ్చిపోవచ్చు.

రేపు పొద్దున్నే ఒక పూగుత్తిని ముదురు రంగు కాగితం మీద దులిపి చూడండి. రాలింది పొడో పురుగో తెలిస్తే, ఉద్యాన అధికారిని ఏమడగాలో మీకే తెలుస్తుంది.