కొమ్ముల మొసలి గోత్రము



ఇంటిపేరు కలిసినను గోత్రము కలియకుండుట మీరెరిగినదే. గతించిన యొక మొసలి విషయమున పండితులకు ఇట్టి చిక్కే కలిగినది. ఆ సంగతి నేడు మనవి చేసెదను.

ఆ మొసలి నివసించినది ఆఫ్రికాఖండమునకు తూర్పుననున్న మడగాస్కరు దీవిలో. 1872లో గ్రాండిడియే, వయ్యాన్ అను ఫ్రెంచి పండితులు దాని యెముకలను పరిశీలించి శాస్త్రనామమిడిరి. అది బలిష్ఠమైన జంతువు. కన్నుల వెనుక పుఱ్ఱె యంచులు రెండువైపుల కొమ్ములవలె పైకి లేచియుండెను.

ఆ కొమ్ములే చిక్కు తెచ్చిపెట్టినవి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా యడవులలో సాధారణముగా ఐదారడుగులు మించని పొట్టిమొసలి యొకటి నేటికిని గలదు. దాని పుఱ్ఱెయందును ఇట్టి పోలికలు కొన్ని కనబడును. కావున బ్రోచు అను అమెరికా పండితుడు 2007లో ఈ గతించిన మొసలిని వేరుచేసి, ఆ దీవివారు మొసలికి వాడు 'వువాయ్' అను మాటనే దానికి పేరుగా పెట్టి, పొట్టిమొసలికి దగ్గర చుట్టముగా నెంచెను.

ఈ పద్ధతి మావంటివారికి క్రొత్త గాదు. తాళపత్రప్రతులను సరిచూచునప్పుడు రెండింటిలో ఒకేచోట ఒకే తప్పు కనబడినచో, అవి ఒకే మాతృకనుండి దిగినవని తలంతుము. ఒప్పు పాఠము కలిసినంతమాత్రమున ఏమియు తేలదు. అది యెల్ల ప్రతులలో నుండును. నడుమ వచ్చిన మార్పు కలిసినప్పుడే చుట్టరికము. అయితే ఇందొక మోసము కలదు. థకార ధకారములు పోలియుండుటచే, ఒకరినొకరెరుగని ఇద్దరు వ్రాయసకాండ్రు వేరువేరు ఊళ్లలో ఒకే తప్పు చేయుదురు. నేనట్టి తప్పును నమ్మి యొకమారు ఒక శతకపు ప్రతులను తలక్రిందుగా వరుసపెట్టితిని.

1930 ప్రాంతమున ఆ దీవినుండి తెచ్చిన పుఱ్ఱెలు న్యూయార్కు నగరపు ప్రదర్శనశాలలో భద్రముగా నుండెను. అవి సుమారు 1300, 1400 ఏండ్లనాటివి. వానినుండి పొడి దీసి, తల్లినుండి బిడ్డకు సంక్రమించు డి.ఎన్.ఏ. అను పదార్థమును శోధించి, హెక్కలా మొదలగువారు 2021లో ఫలితమును ప్రకటించిరి. డి.ఎన్.ఏ. నాలుగే యక్షరములతో వ్రాసిన గ్రంథమువంటిది. అందలి పాఠభేదములను నేడు బ్రదికియున్న మొసళ్ల పాఠములతో సరిచూడగా, వువాయ్ పొట్టిమొసలికి గాక, నైలునది మొసలి మొదలగు అసలు మొసళ్ల కుటుంబమునకే తోబుట్టువని తేలినది. మన మంజీర యొడ్డున ఎండ కాచుకొను మొసలియు ఆ కుటుంబములోనిదే! ఈ రెండు శాఖలు సుమారు రెండున్నర కోట్ల యేండ్ల క్రిందట విడిపోయినవని వారి లెక్క.

మరి కొమ్ములమాట? అవి వేరువేరు శాఖలలో వేరువేరుగా మొలచియుండవచ్చును. క్యూబా దీవి మొసలి అసలు మొసళ్లలోనిదే. దానికిని కన్నుల వెనుక ఎముక లేచియున్నది. ఇంతమాత్రమున ఎముకలను చదివినవారు అశ్రద్ధ చేసిరని యనరాదు. ఈ క్రొత్త పరీక్షయందు చదువబడినది తల్లివరుస యొకటియే యనియు మరువరాదు.

పుఱ్ఱె వెయ్యేండ్లనాటిది గనుక ఇంత పలికినది. కోట్ల యేండ్లు రాతిలో పడియున్న యెముకలలో డి.ఎన్.ఏ. నిలువదు. హిమాలయపాదములందు, శివాలికు కొండలలో దొరకిన రాంఫోసూకస్ అను పెనుమొసలి గోత్రమును విచారించువారికి, రాయియైన యెముక దప్ప వేరు ప్రతి లేదు.